నిద్రపోయే రెగ్యులేటర్

హనీఫ్‌కి తిండి సయించడం లేదు. పిలిస్తే పలకడం లేదు. ఒక్కడే కూర్చుని నవ్వుకుంటున్నాడు. ఇంట్లోవాళ్ళు ఇదేదో ప్రేమ వ్యవహారమే అనుకున్నారు. వాళ్ళమ్మ జోజిబాబుని పక్కకి పిలిచి, ఆ పిల్ల ఎవరో కాస్త కనుక్కోమంది.

"పిల్ల కాదమ్మా, వోల్టేజ్ రెగ్యులేటర్" అన్నాడు జోజిబాబు.

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మనసు కుదుటపడింది.

హనీఫ్, జోజిబాబు ఇద్దరూ నరహరి మాస్టారి శిష్యులు. గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద గది మాస్టారిది. టీవీకి తగిలించి ఆడుకునే పాతకాలపు వీడియోగేమ్ మెషీన్లు అక్కడికి వస్తాయి. వీళ్ళు లోపలి బోర్డుని రంపంతో కోసి, పనికొచ్చే ముక్క మాత్రం ఉంచి, దానికి చిన్న తెర, బ్యాటరీ, బటన్లు కలిపి, రెండు చేతుల్లో ఇమిడేలా చేసి పంపిస్తారు. ఆ పనిలో మాస్టారిని మించినవాళ్ళు లేరని ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా చెప్పుకుంటారు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువమందే ఉన్నారు.

మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. జన్మకి సరిపడా మాటలన్నీ అక్కడే ఖర్చుపెట్టేసి వచ్చినట్టున్నారు. మేడ మీద ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఏదైనా అడిగితే లేచి వచ్చి, ఏదో ఒకటి చేసి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంటారు. అది పాఠమని తెలియడానికే శిష్యులకి ఒక్కోసారి వారం పడుతుంది.

ఆయన పెట్టిన నియమం మాత్రం ఒకటుంది. మెషీన్ గడప దాటే ముందు, దాన్ని చేసినవాడు అందరి ముందూ ఒక ఆట ఆడి చూపించాలి. తను ఆడినట్టు కాదు, సొంతదారు ఆడినట్టు ఆడాలి. చిన్నపిల్లాడి మెషీనైతే బటన్లు ఊడేలా నొక్కాలి. బస్సులో ఆడుకునేవాడిదైతే ఊగుతూ ఆడాలి. ఒకసారి జోజిబాబు ఒక తాతగారి మెషీన్‌ని ఆయన కళ్ళజోడు అరువు తెచ్చి పెట్టుకుని ఆడాడు. ఆ అద్దాల్లోంచి అక్షరాలు చీమల్లా కనపడేసరికి తెర మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు హనీఫ్ బల్ల మీద ఉన్న మెషీన్ సువర్చలది.

సువర్చల లా చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. మొదటిసారి వచ్చిన రోజు, మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించి హనీఫ్ ఎదురెళ్ళేలోపే ఆమె గదిలో ఉంది. గుడ్డసంచీలోంచి మెషీన్ తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని కోస్తారట కదా. కోయండి" అంది. "చప్పుడు మాత్రం మారకూడదు."

"మీరెలా ఆడతారండీ?" అని అడిగాడు హనీఫ్. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె గట్టిగా నవ్వింది. "మీరెలా ఆడతారు?"

"చూసి."

"నేను విని. అంతే తేడా."

ఆమె ఆడేది ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట. చిన్నప్పటి నుంచీ ఆ ఒక్క మెషీన్ మీదే ఆడింది. "ఎదుటివాడు ఎగిరి తన్నే ముందు బట్ట రెపరెపలాడుతుంది. పట్టుకుని విసిరే ముందు ముక్కుతో గాలి పీలుస్తాడు. ఏ చెవిలో వినపడితే ఆ పక్కన ఉన్నట్టు. మీకన్నీ కనపడుతుంటాయి కాబట్టి మీరు వినరు, నాకదే లాభం" అంది.

విజయవాడలో ఏటా ఒక పోటీ జరుగుతుంది. చేత్తో పట్టుకునేలా మార్చిన పాత మెషీన్లతోనే అక్కడ ఆట. పోయినేడు గెలిచిన కౌశిక్ అనే కుర్రాడితో ఆడతానని సువర్చల అడిగితే, "చూపులేనావిడ మీద గెలిస్తే ఏం గొప్ప?" అని మైకులోనే అన్నాడట. హాలంతా నవ్విందట. ఆ నవ్వు ఆమెకి ఏ మూల నుంచి ఎంత వినిపించిందో కూడా గుర్తుంది. ఈ ఏడు పేరు పెట్టి సవాలు విసిరింది.

సవాలు విసిరినవాళ్ళ మెషీన్ మీదే ఆట. ఆ రోజు పొద్దునే ఆన్ చేసి బల్ల మీద పెట్టాలి. తమ వంతు వచ్చి ఆట ముగిసేదాకా ఆపకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. మధ్యలో బ్యాటరీ అయిపోతే ఓడిపోయినట్టే. వంతు పదింటికి రావచ్చు, మధ్యాహ్నం దాటాకా రావచ్చు.

"ఓడితే చేతకాక ఓడాలి హనీఫ్ గారూ" అంది వెళ్తూ. "బ్యాటరీ అయిపోయి కాదు, వినపడక కాదు."

ఉన్నది ఒక్కటే మెషీన్. కోసిన బోర్డు మళ్ళీ అతకదు. రంపం పట్టుకునే ముందు హనీఫ్ గీత గీసి రెండుసార్లు సరిచూసుకున్నాడు. కోత శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాత మొదలైంది అసలు తలనొప్పి.

రెగ్యులేటర్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే హనీఫ్ పడ్డ పాట్లు తెలియవు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ వోల్టేజ్ ఇస్తుంది, వాడేకొద్దీ తగ్గుతుంది. మెషీన్‌కి మాత్రం ఎప్పుడూ ఒకే వోల్టేజ్ కావాలి. ఆ రెండింటి మధ్య నిలబడి సర్దేదే రెగ్యులేటర్. అందులో పాతరకం, మూడు కాళ్ళది, ఎక్కువైనదాన్ని వేడిగా మార్చి తగలేస్తుంది. కొత్తరకం క్షణానికి లక్షలసార్లు స్విచ్ వేస్తూ ఆపుతూ, కావలసినంతే లోపలికి పంపుతుంది.

హనీఫ్ ముందు మూడు కాళ్ళది పెట్టి చూశాడు. కాసేపటికే పెట్టె అట్లపెనంలా కాలింది, బ్యాటరీ సగం ఆటలో చచ్చింది. దాన్ని పీకి చెత్తడబ్బాలో పడేశాడు. స్విచ్చింగ్ రకం పెట్టాడు. చల్లగా ఉంది. బ్యాటరీ మధ్యాహ్నం దాకా లాగేలా ఉంది. 'లాగేలా ఉంది' అన్న మాట హనీఫ్‌కి నచ్చలేదు. ఆమె సంగతి అటో ఇటో తేలే చోట అలాంటి మాట పనికిరాదనుకున్నాడు.

వెతగ్గా వెతగ్గా ఇంకో రకం దొరికింది. అది కూడా స్విచ్చింగే, కానీ పని తక్కువున్నప్పుడు నిద్రపోతుంది. కాస్త కరెంటు కావాల్సొస్తే లేచి, ఇచ్చి, మళ్ళీ పడుకుంటుంది. దాంతో ఒక్క చుక్క వృథా కాదు. పెట్టి, ఆన్ చేసి బల్ల మీద వదిలేస్తే, ముట్టుకోనంతసేపూ తెర దానంతటదే ఆరి, బ్యాటరీ సాయంత్రం దాకా వచ్చింది!

తిండి మానేసింది ఇది దొరికిన రోజునే.

"ఒరేయ్, ఇది రెగ్యులేటర్ కాదురా, వరం" అన్నాడు జోజిబాబుతో. మాస్టారి కుర్చీ చుట్టూ మూడుసార్లు తిరిగి దాని గుణగణాలన్నీ చెప్పాడు. మాస్టారు 'ఊ' అన్నారు. చప్పుడు మారకూడదని ఆమె అన్నది కూడా హనీఫ్ మరిచిపోలేదు. దొరికినవాటిలోకెల్లా మంచి ఆంప్లిఫయర్, మంచి స్పీకర్ వేశాడు. పోటీ హాల్లో అందరికీ కనపడేలా పెద్ద తెరకి తగిలిస్తారు కాబట్టి, అదీ తగిలించి చూశాడు. తగిలించగానే చేతిలోని చిన్న తెర ఆరిపోయి, బొమ్మ పెద్ద దాని మీదికి వచ్చింది. బొమ్మ వచ్చింది కదా, ఇంకేం అనుకుని కేబుల్ పీకేశాడు.

పోటీ ఆదివారం. శనివారం మధ్యాహ్నం హనీఫ్ నియమం ప్రకారం ఆట చూపించడానికి కూర్చున్నాడు. సువర్చల సాయంత్రం వచ్చి మెషీన్ పట్టుకెళ్తుంది.

"సొంతదారు ఆడినట్టు ఆడాలి కదా, చూడండి" అంటూ హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

జోజిబాబు రెండో కంట్రోలర్ పట్టుకున్నాడు. ఆట మొదలైంది. హనీఫ్‌కి తన్నులే తన్నులు. గాల్లోకి గుద్దుతాడు, గోడకి గుద్దుకుంటాడు. జోజిబాబు నవ్వాపుకోలేక కంట్రోలర్ కింద పడేశాడు.

"కొట్టరా, ఫర్వాలేదు!" అని అరిచాడు హనీఫ్, ఉత్సాహంగా. "ఓడిపోతే ఏం? చప్పుడు ఎంత బాగుందో తెలుసా? బట్ట రెపరెప, గాలి పీల్చడం, అన్నీ వినపడుతున్నాయి! నాకు చేతకాదు గానీ ఆవిడైతే నిన్ను నమిలేస్తుంది!"

కళ్ళు తెరిచి గెలిచినవాడిలా మాస్టారి వంక చూశాడు.

మాస్టారు లేచి వచ్చారు. మెషీన్ అందుకుని, వెనక మూత తీసి, తెర నుంచి వచ్చే పల్చటి కేబుల్‌ని గోటితో పైకెత్తి ఊడదీశారు. తెర నల్లబడింది. మెషీన్‌ని మళ్ళీ హనీఫ్ చేతిలో పెట్టారు.

"ఆడు."

హనీఫ్ తెల్లబోయాడు. "కళ్ళు మూసుకునే ఆడాను కదా మాస్టారూ. తెర ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"నువ్వు మూసుకున్నావు" అన్నారు మాస్టారు. "అది మూసుకోలేదు."

వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

హనీఫ్ మొహం మాడిపోయింది. ఆటలో తప్పేముందో చెప్పకుండా ఈ చిక్కుముడి మాటలేంటని లోపల విసుక్కున్నాడు. విసుక్కుంటూనే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

పెట్టుకున్నవాడు కదలడం మానేశాడు.

"ఏమైందిరా?" అన్నాడు జోజిబాబు.

హనీఫ్ చెయ్యెత్తి ఆగమన్నాడు. చెవుల్లో సన్నగా, సూటిగా, ఆగకుండా ఒక కూత. కీ... అని. తెర కేబుల్ పెట్టాడు, కూత లేదు. తీశాడు, ఉంది. పెట్టాడు, లేదు. తీశాడు.

"ఆడరా ఒకసారి" అన్నాడు. జోజిబాబు ఎగిరి తన్నాడు. దెబ్బ చప్పుడు వినపడింది గానీ, దానికి ముందు వినపడాల్సిన బట్ట రెపరెప ఆ కూత కింద పడి మాయమైపోయింది.

హనీఫ్‌కి అప్పుడు వెలిగింది. మెషీన్‌లో అందరికన్నా ఎక్కువ తినేది తెర. తెర వెలుగుతున్నంతసేపూ రెగ్యులేటర్‌కి చేతినిండా పని. తెర ఆరితే పని ఉండదు, అది నిద్రపోతుంది. మధ్యమధ్య లేస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది. ఆ లేవడం పడుకోవడమే కూతై చెవుల్లోకి వస్తోంది. సువర్చలకి ఎలాగూ తెరతో పని లేదు. రేపు హాల్లో పెద్ద తెరకి తగిలించగానే చిన్న తెర ఆరిపోతుంది. ఏ గుణం చూసి ఇన్నాళ్ళూ మురిసిపోయాడో ఆ గుణమే ఆమెని ఓడించబోతోంది. హాలు మళ్ళీ నవ్వబోతోంది.

సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే ఎక్కడలేని ఊపూ వచ్చింది. సాయంత్రానికి ఇంకా టైముంది!

"జోజీ! సోల్డరింగ్ ఐరన్ పెట్టు!"

"ఏది వేద్దాం?"

"నాకు చెప్పకు. ఒక్కోటీ వెయ్యి. ఏది వేశావో మాత్రం నాకు చెప్పకు. చెప్తే నేను దాని పక్షమే మాట్లాడతాను."

తెర కేబుల్ పీకేసి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనక జోజిబాబు ఒకటి తీసి ఒకటి అతుకుతూ, హెడ్‌ఫోన్ అందిస్తూ పోయాడు.

"ఇది?"

"కూత. అదేగా నా వరం? తీసెయ్."

"ఇది?"

"కూత లేదు. కానీ అడుగున ఇసక జల్లెడ పడుతున్నట్టుంది. స్స్... అని. ఇది నిద్రపోని రకమా?"

"చెప్పొద్దన్నావుగా!"

"సరే, చెప్పకు. ఇంకోటి వెయ్యి."

కాసేపు సోల్డర్ పొగ వాసన తప్ప ఏమీ లేదు. జోజిబాబు మళ్ళీ హెడ్‌ఫోన్ అందించాడు.

హనీఫ్ విన్నాడు. ఇంకా విన్నాడు. "ఆన్ చెయ్యలేదేంట్రా?"

"చేశాను."

"లేదు, చెయ్యలేదు."

జోజిబాబు బటన్ నొక్కాడు. ఏమీ లేని చోట నుంచి ఒక బట్ట రెపరెపలాడింది, కుడిచెవిలో, భుజం పక్కనే నిలబడి ఎవరో కండువా దులిపినట్టు. హనీఫ్ ఉలిక్కిపడి కుడివైపు తిరిగి చూశాడు.

"ఏది? ఏదిరా ఇది?" అంటూ లేచి వచ్చి బోర్డు మీద పడ్డాడు.

మెషీన్ మొత్తానికీ నిద్రపోని స్విచ్చింగ్ రకం. దాని తర్వాత, ఒక్క ఆడియో భాగానికి మాత్రం, చెత్తడబ్బాలోంచి తీసిన మూడు కాళ్ళది. మెషీన్ అంతా మోయమంటే కాలిపోయిన ముక్క, చప్పుడొక్కటే మోయమంటే చల్లగా కూర్చుంది. ఇసకంతా అదే వడకట్టేస్తోంది.

"దాన్ని తీసింది నువ్వేనా?" అన్నాడు హనీఫ్.

"డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది మాస్టారు" అన్నాడు జోజిబాబు.

మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు.

ఒక్క బాధ మిగిలింది. బ్యాటరీ లెక్క వేస్తే మళ్ళీ పాత మాటకే వచ్చింది. మధ్యాహ్నం దాకా లాగేలా ఉంది.

సాయంత్రం సువర్చల వచ్చింది. హనీఫ్ మెషీన్ చేతికిచ్చి, "ఏవండీ, బ్యాటరీ విషయంలో ఒక మాట" అని మొదలుపెట్టాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. నిద్రపోయేది పెడితే సాయంత్రం దాకా వస్తుంది గానీ కూస్తుంది, ఇది కూయదు గానీ మధ్యాహ్నం దాటితే నాది పూచీ కాదు, ఏది కావాలో మీరే చెప్పండి అన్నాడు.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఏ బటనూ నొక్కలేదు. చాలాసేపు అలాగే వింది.

"మా ఇంట్లో గోడ ప్లగ్గుకి పెట్టినప్పుడు కూడా అడుగున బుయ్‌మని ఒక చప్పుడుండేది" అంది చివరికి. "ఆటలోదే అనుకునేదాన్ని. కాదన్నమాట."

"మార్చమంటారా?"

"ముట్టుకుంటే ఊరుకోను" అని మెషీన్‌ని సంచీలో పెట్టేసుకుంది.

ఆదివారం పొద్దున్నే అందరూ విజయవాడ వెళ్ళారు. మాస్టారు కూడా వచ్చారు. ఆయన మేడ దిగి ఊరు దాటడం జోజిబాబు ఎరగడు. మెషీన్ ఆన్ చేసి బల్ల మీద పెట్టారు. పది దాటింది, పదకొండు దాటింది. వాళ్ళ వంతు రాలేదు. హనీఫ్ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. భోజనాలకి లేచారు, వచ్చారు. మెషీన్ మూల మీద ఎర్రలైటు వెలిగింది.

"వరం పెట్టుంటే ఇంకా పచ్చగా ఉండేది" అన్నాడు జోజిబాబు.

"నోరు ముయ్యి" అన్నాడు హనీఫ్.

ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుండగా వాళ్ళ పేర్లు పిలిచారు. కేబుల్ తగిలించగానే చిన్న తెర ఆరి, పెద్ద తెర వెలిగింది. హాలు కిక్కిరిసిపోయింది. సువర్చల హెడ్‌ఫోన్ సర్దుకుని కూర్చుంది. కౌశిక్ ఆమెకి హలో చెప్పి, ఆమె తల తిప్పకపోయేసరికి కొంచెం కంగారుపడ్డాడు.

మొదటి రౌండు వాడు గెలిచాడు. హాలు ఈలలేసింది. హనీఫ్ కళ్ళు ఎర్రలైటు మీదే ఉన్నాయి. రెండో రౌండులో ఆమె ఊరికే నిలబడింది. వాడు ఎగిరాడు, ఆమె పక్కకి తప్పుకుంది. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ తప్పుకుంది. ఈసారి వాడు ఎగరబోయి ఆగాడు. ఆ ఆగడం కూడా విన్నట్టుంది, అక్కడే కొట్టింది. హాల్లో ఈలలు ఆగిపోయాయి. రెండో రౌండు ఆమెది.

మూడో రౌండులో ఇద్దరికీ ప్రాణం కొనకొచ్చింది. ఇంకొక్క దెబ్బ ఎవరు తగిలిస్తే వాళ్ళదే ఆట. కౌశిక్ దగ్గరికొచ్చాడు, పట్టుకుని విసరడానికి. పెద్ద తెర మీద వాడి చేతులింకా లేవలేదు. అప్పటికే ఆమె కాలు వాడి గుండెల మీద ఉంది.

హాలు లేచిపోయింది! జోజిబాబు కుర్చీ ఎక్కి గెంతాడు. హనీఫ్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. సువర్చల హెడ్‌ఫోన్ మెడలోకి లాక్కుని, "విన్నాను హనీఫ్ గారూ! వాడు గాలి పీల్చడం మొదలెట్టగానే విన్నాను!" అని అరిచింది. కౌశిక్ వచ్చి, పోయినేడు అన్నమాటకి క్షమించమన్నాడు. మైకులో చెప్పమంది. చెప్పాడు.

ఈ గోలలో పది మంది కుర్రాళ్ళు మెషీన్ చుట్టూ మూగారు. అందరూ ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు.

"అన్నా, బ్యాటరీ అంతసేపు ఆగింది! రెగ్యులేటర్ ఏం వేశావన్నా?" అన్నాడు ఒకడు.

నిన్న మధ్యాహ్నం ఈ ప్రశ్న ఎవరైనా వేసి ఉంటే హనీఫ్ గంటసేపు చెప్పేవాడు. నోరు తెరిచాడు కూడా. మాస్టారు ఎక్కడున్నారా అని చూశాడు. ఆయన చివరి వరసలో కూర్చుని, నోట్లోంచి తీసిన జామకాయ గింజలు కాగితంలో చుట్టుకుంటున్నారు.

హనీఫ్ సువర్చలని అడిగి హెడ్‌ఫోన్ తీసుకుని, ఆ కుర్రాడి చెవులకి పెట్టాడు. మెషీన్ మూల మీద ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

కుర్రాడు కళ్ళు చికిలించి విన్నాడు. చెవులకి ఇంకా గట్టిగా నొక్కుకుని విన్నాడు.

"ఏమీ వినపడట్లేదన్నా."

"ఆ" అన్నాడు హనీఫ్. "అదే వేశాను."